శ్రీ సింక్‌బటన్ విజయము

కావ్యం శ్రీకారంతో మొదలవ్వాలన్నది పెద్దల కట్టడి. కాబట్టి శ్రీమంతుడూ మితభాషీ సద్వంశ సంజాతుడూ అయిన మన నాయకుణ్ణి ముందు దర్శించుకోండి. ఆజానుబాహువు కాడు, అసలు బాహువులే లేవు. బొటనవేలి గోరంత ఉంటాడు. రబ్బరు ఒళ్లు. నొక్కితే వెలుగుతాడు, మళ్లీ నొక్కితే ఆరిపోతాడు. నుదుట నాలుగు ఇంగ్లిషు అక్షరాల నామం: సింక్. క్లబ్బులో డీజే ముందుండే బల్ల మీద, గుండ్రటి జాగ్‌వీల్ పక్కన ఆయన కొలువు. ఒక పాట హాలంతా మోగుతుండగా రెండో పాటను తెచ్చి దాని దరువుకు దరువు అతికించడం ఆయన ప్రతాపం. ఆ ఒక్క పని కోసం అంతకుముందు నలభై ఏళ్లపాటు మనుషులు ఒక చెవి అప్పగించి తపస్సు చేశారు.

మహాకావ్యమన్నాక పద్దెనిమిది వర్ణనలుండాలి. పురం, సముద్రం, చంద్రోదయం, జలక్రీడ, మధుపానం, యుద్ధం, నాయకాభ్యుదయం వగైరా. క్లబ్బులో వీటిలో చాలావరకు అడగకుండానే దొరుకుతాయి. మధుపానానికి లోటు లేదు. సముద్రమంటే ఎదురుగా ఊగే జనమే. చంద్రోదయాన్ని ఎవరూ చూడరు. సూర్యోదయం దాకా జనం ఉన్నారంటే సెట్ బాగా నడిచిందని లెక్క. చిక్కల్లా యుద్ధ వర్ణన దగ్గరే వచ్చిపడింది. దానికోసం రెండు ఆశ్వాసాలు అట్టే పెట్టుకున్నాను. ఏమైందో చెబుతాను.

ముందు పురవర్ణన. ఆ పురం పేరు బూత్. పట్టుమని రెండు బారల పొడవుండదు. నట్టనడుమ మిక్సర్ అనే రాజప్రాసాదం. అటొక ప్లేయర్, ఇటొక ప్లేయర్, కోట బురుజులు. వెనకవైపు వైర్లతో నిండిన పాతాళం. అందులోకి దిగి సజీవంగా పైకి వచ్చే విద్య సౌండ్ ఇంజినీరుకొక్కడికే తెలుసు. కందకం ఉండాల్సిన చోట ఎవరో పెట్టి మరిచిపోయిన బీరు గ్లాసు. పురానికి అసలైన శత్రుభయం దానివల్లే. మిక్సర్ ముఖాన హై, మిడ్, లో అని మూడు మరలు త్రిమూర్తుల్లా వెలసి ఉంటాయి. వారిలో లయకారుడు అడుగునున్న లో. ఆయన్ని ఎడమకు తిప్పితే బేస్ చచ్చిపోయి హాలంతా గాల్లో వేలాడుతుంది. కుడికి తిప్పితే జనం కేక పెడతారు. మనం చెప్పుకోబోయే మార్పులన్నీ జరిగిపోయినా ఈ మర దగ్గర మాత్రం పాతకాలపు మర్యాదే ఇంకా చెల్లుతోంది.

ఇక పూర్వవీర స్తుతి. ఆదిపురుషుడు ఫ్రాన్సిస్ గ్రాసో. 1970 ప్రాంతాల న్యూయార్క్‌లో శాంక్చురీ అనే క్లబ్బు ఉండేది. అంతకుముందు అది చర్చి. బలిపీఠం ఉన్నచోట టర్న్‌టేబుళ్లు పెట్టారు. గ్రాసో ఆ పీఠం మీద నిలబడి ఒక రికార్డు ఎప్పుడు వెళ్లిందో, ఇంకొకటి ఎప్పుడు వచ్చిందో తెలియనీయకుండా రెంటినీ ఒకే దరువులో కలిపాడు. ఆ తర్వాత 1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ ఎవెన్యూ అనే అపార్ట్‌మెంట్ భవనంలో, చెల్లెలు సిండీ పెట్టిన పార్టీకి కూల్ హెర్క్ అనే జమైకా కుర్రాడు రికార్డులు వేశాడు. పాటలో గొంతులు ఆగి డ్రమ్ములు మాత్రమే మోగే చోట జనం పూనకంతో ఆడుతున్నారని కనిపెట్టి, ఒకే రికార్డు రెండు ప్రతులు పెట్టుకుని ఆ ముక్కనే పొడిగించడం ఆయన విద్య. ఆ ముక్క రికార్డులో ఎక్కడుందో చీకట్లో వెతుక్కోకుండా గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ రికార్డు మీద క్రేయాన్‌తో గీత గీసుకున్నాడు. గీత ఎన్ని చుట్లు తిరిగిందో గడియారంలా లెక్కపెట్టి సరిగ్గా వెనక్కి తిప్పేవాడు. ఇవాళ సాఫ్ట్‌వేర్లలో ‘హాట్ క్యూ’ అని ఎరుపూ పచ్చా గుర్తులు మెరుస్తుంటాయే, వాటి వంశవృక్షం పైకెక్కితే చివర కనిపించేది ఆ క్రేయానే.

వీరుడికి తగిన ఆయుధం కావాలి. 1972లో జపాన్ మత్సుషిత కంపెనీ టెక్నిక్స్ పేరు మీద ఎస్‌ఎల్-1200 అనే టర్న్‌టేబుల్ తెచ్చింది. 1979లో దాని మార్క్-2 వచ్చింది. కుడి అంచున నిలువుగా ఒక జారుడు మీట. దూరంగా తోస్తే రికార్డు నెమ్మదిస్తుంది, తనవైపు లాక్కుంటే వేగం పెరుగుతుంది. అటు ఎనిమిది శాతం, ఇటు ఎనిమిది శాతం. తర్వాతి పాతికేళ్ల క్లబ్బు సంగీతమంతా ఆ మీట మీదుగానే నడిచింది కాబట్టి ఇక్కడ ఒక చూర్ణిక విధాయకం:

జయ జయ పిచ్‌ఫేడరు మహాశయా! అష్టశతాంశ పరిమిత సంచారా! మధ్యబిందు విలసిత హరితదీప భాసురా! స్వేదసిక్త తర్జనీ సంస్పర్శ మసృణిత కళేబరా! కేశమాత్ర చలన సంక్షోభిత నాట్యరంగా! నవశిక్షిత డీజేగర్వ నిర్వాపణ ధురంధరా! నమస్తే నమస్తే నమః!

(సమాసాలు దుష్టమని వ్యాకరణవేత్తలు గోల పెట్టవచ్చు. పెట్టనివ్వండి, క్లబ్బులో వినబడదు.)

ఆ మీటతో జరిగే యుద్ధం ఇదీ. హాల్లో ఒక పాట నిమిషానికి 126 దరువులతో మోగుతోంది. డీజే హెడ్‌ఫోన్ ఒక చెవికే తగిలించుకుని రెండో పాటను అందులో వింటాడు. పళ్లెం తిరుగుతూనే ఉంటుంది. మధ్యలో స్లిప్‌మ్యాట్ అనే పల్చటి ఫెల్ట్ గుడ్డ ఉండబట్టి వేలితో పట్టుకున్న రికార్డు మాత్రం కదలకుండా ఆగుతుంది. మొదటి డ్రమ్ము దెబ్బను సూది కిందకి తెచ్చి, కాస్త ముందుకూ వెనక్కూ ఆడించి, హాల్లో పాట కొత్త వరస ఎత్తుకునే క్షణానికి వదిలేస్తాడు. రెండు పాటలూ కలిసి నడుస్తాయి, నాలుగు దరువుల పాటు. ఆ తర్వాత ఒకే రోట్లో ఇద్దరు రోకళ్లు వేస్తూ లయ తప్పినట్టు ధనధన మొదలవుతుంది. ముందు నడుస్తున్నది ఏది? హెడ్‌ఫోన్‌లోదా, హాల్లోదా? తెలిస్తే మీటను వెంట్రుకవాసి జరపాలి, అంచు మీద వేలు ఆనించి పళ్లేన్ని రవ్వంత ఆపాలి, లేదా నడిమి కడ్డీని పట్టుకుని మెలితిప్పాలి. ఒకటి 126, రెండోది 126.1 ఉన్నాసరే, నిమిషం గడిచేసరికి రెంటికీ మధ్య దాదాపు 50 మిల్లీసెకన్ల ఎడం వస్తుంది. లెక్కల్లో అదేమంత కాదు. హాల్లో మాత్రం గుర్రం కుంటినట్టు వినబడుతుంది, ఆడుతున్నవాళ్ల కాళ్లు బుర్రకంటే ముందే పసిగడతాయి.

ఇదంతా అర నిమిషంలో, చీకట్లో, ఎర్రటి చిన్న స్ట్రోబ్ దీపం వెలుగులో, పక్కన ఎవరో మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయని అడుగుతుండగా జరగాలి. ఒక సంగతి గమనించండి. ఆ అర నిమిషం డీజేకు వేరే గతి లేదు. రాబోయే పాటను, పోబోయే పాట పక్కన పెట్టి, చెవి రిక్కించి వినాల్సిందే. దరువు కుదురుతోందా లేదా అని చూడబోయి, ఈ రెండు పాటలు అసలు ఒకదాని పక్కన ఒకటి బతకగలవా అన్నది కూడా తేల్చుకునేవాడు. బతకవనిపిస్తే రికార్డు తీసి సంచిలో పడేసి ఇంకోటి లాగేవాడు. ఈ విడ్డూరాన్ని దాటి మనం తొందరగా పోకూడదు.

ఇప్పుడు అవతార కథ. 2000ల మొదట్లో నెదర్లాండ్స్‌లో విడుదలైన ఫైనల్ స్క్రాచ్, 2004లో న్యూజిలాండ్ నుంచి సెరాటో వాళ్ల స్క్రాచ్ లైవ్ ఒక మాయా రికార్డును లోకానికి చూపాయి. చూడ్డానికి మామూలు నల్ల రికార్డే. అందులో పాట లేదు, రాగం లేదు, గాయకుడు లేడు. విడిగా వింటే చెవులు గింగురుమనే ఒకే కూత. కానీ కుడి ఎడమ చానళ్లలో వచ్చే కూత తీరును బట్టి సూది ముందుకు పోతోందా వెనక్కా, ఎంత వేగంతో, రికార్డులో ఎక్కడుంది అన్నది ల్యాప్‌టాప్ పట్టేస్తుంది. ఆ ప్రకారం డిస్క్‌లో దాచిన ఏ పాటనైనా అలాగే నడిపిస్తుంది. తనలో ఏ పాటా లేని రికార్డు అన్ని పాటలూ తానే అయ్యింది. నిర్గుణ బ్రహ్మాన్ని విడమరిచి చెప్పలేక శంకర భాష్యం చదివేవాళ్లు పడే తిప్పలు ఒక్క స్లిప్‌మ్యాట్ మీద తీరిపోయాయి. నడుం విరిగేలా రికార్డుల పెట్టెలు మోసిన భుజాలకు మోక్షం కూడా అక్కడే దొరికింది.

ఆ పైన అడుగులు గబగబా పడ్డాయి. 2009లో పయనీర్ సీడీజే-2000 ప్లేయర్‌కు యూఎస్‌బీ రంధ్రం వచ్చింది, దానికి తోడు ఇంట్లో పాటలను ముందే తూచి పెట్టుకునే సాఫ్ట్‌వేర్ రెకార్డ్‌బాక్స్ వచ్చింది. 2012లో నెక్సస్ మోడల్‌తో మన నాయకుడు క్లబ్బు ప్లేయర్ల మీదికే ఎక్కి కూర్చున్నాడు. ల్యాప్‌టాప్ సాఫ్ట్‌వేర్లలో అప్పటికే ఏళ్ల తరబడి అజ్ఞాతవాసం చేస్తున్నాడు, ఇప్పుడు పట్టాభిషేకం.

ఇక యుద్ధ వర్ణన. రెండు ఆశ్వాసాలు అట్టే పెట్టానన్నాను గదా. నాయకుడు రంగంలోకి దిగాడు. దుందుభులు మోగాయి. అటు 126, ఇటు 123.4 దరువుల పాటలు ఎదురెదురుగా నిలిచాయి. డీజే వేలు ఆకాశం నుంచి దిగింది. టక్.

అయిపోయింది.

ఇలాగైతే కవి బతికేదెలా? శరవర్షాలు లేవు, మూర్ఛలు లేవు, సారథి వచ్చి రథం పక్కకు తోలుకుపోవడం లేదు. రెండు ఆశ్వాసాల కాగితం నా దగ్గర తెల్లగా మిగిలిపోయింది. నాకే ఇలా ఉంటే బూత్‌లో నిలబడ్డ మనిషి సంగతి చూడండి. రెండు చేతులూ ఖాళీ అయిపోయాయి, ఎదురుగా వేలమంది చూస్తున్నారు. ఒక చెయ్యి పైకి లేపుతాడు. కాసేపటికి రెండోదీ లేపుతాడు. దించాక ఏదో ఒక మరను పట్టుకుని, అణుబాంబు వైర్లు విప్పుతున్నంత ఏకాగ్రతతో, ఎడమకో చిటికెడు కుడికో చిటికెడు తిప్పుతాడు. ఆ తిప్పుడు వల్ల శబ్దంలో ఏ తేడా వచ్చిందో ఆ మరకే తెలియాలి. ముఖం మాత్రం ప్రసవవేదన.

కుకవి నింద లేని కావ్యం ఉండదు. పాత సంప్రదాయం వాళ్లు బటన్ నొక్కేవాణ్ణి డీజేగా లెక్కలోకే తీసుకోం అన్నారు. 2012లోనే డెడ్‌మౌస్ అనే పెద్ద తారామూర్తి, పెద్ద వేదికల మీద తామంతా చేసేది ప్లే నొక్కడమేనని నిర్మొహమాటంగా రాసి సొంత కులం వాళ్ల చేత తిట్లు తిన్నాడు. ఈ తగాదాలో నేను బటన్ పక్షం. పాపం ఆయన చేసిందల్లా లెక్క కుదర్చడం. చేతితో దరువు కలపడం తెలిసీ చెత్త పాట మీద చెత్త పాట వేసి హాలు ఖాళీ చేయించినవాళ్లు పాతకాలంలోనూ కావలసినంత మంది. అసలు మార్పు తెచ్చింది ఆయన కాదు, ఆయన పైన ఉండే తెర.

ఆ తెర మీద రెండు పాటలూ రంగురంగుల అలలై పారుతుంటాయి. ఎక్కడ బేస్ పడుతుందో, ఎక్కడ గొంతు మొదలవుతుందో, ఇంకా ఎన్ని దరువుల్లో పాట విరుగుతుందో అంతా పాట చేరకముందే కనబడిపోతుంది. అల మీద దరువు దరువుకూ సన్నటి నిలువు గీతలు. దాన్ని బీట్‌గ్రిడ్ అంటారు. బటన్ బలమంతా ఆ గీతల్లో ఉంది. గీత సరిగ్గా పడితేనే ఆయన శూరుడు. అవి సరిగ్గా పడ్డాయా లేదా అన్న పరిశీలన ముందురోజు మధ్యాహ్నం, ఇంట్లో, చల్లారిన టీ పక్కన జరుగుతుంది. అంటే యుద్ధం ఎక్కడికీ పోలేదు, వేళా స్థలమూ మార్చుకుంది. రాత్రి పన్నెండింటికి చెవి చేసే పని పగలు మూడింటికి కన్ను చేస్తోంది. ఇందులో వచ్చిన లాభం చిన్నది కాదు: దరువు బెంగ తీరినవాడు మూడు నాలుగు ప్లేయర్లు ఒకేసారి నడుపుతూ కొత్త పాట అల్లగలడు. పోయింది ఆ అర నిమిషం. రాబోయే పాటను గత్యంతరం లేక వినాల్సిన అర నిమిషం. ఇప్పుడు వినాలంటే విని తీరాలని తనకు తాను చెప్పుకోవాలి. మనిషన్నవాడు తనకు తాను చెప్పుకున్న పని ఎంతవరకు చేస్తాడో మనకు తెలియనిది కాదు.

దరువు ఒక్కటే కుదిరితే చాలదు, శ్రుతి కూడా కలవాలి. అందుకు స్వయంవరం ఏర్పాటైంది. క్యామెలాట్ చక్రమని ఒకటి ఉంది. పన్నెండు అంకెలు, ఒక్కోదానికి ఎ, బి అని రెండు శాఖలు, వెరసి ఇరవై నాలుగు కొలువులు. సాఫ్ట్‌వేర్ ప్రతి పాట మెడలోనూ ఒక బిళ్ల వేలాడదీస్తుంది. 8ఎ పాట పక్కన మరో 8ఎ, 7ఎ, 9ఎ, 8బి రాజకుమారులు మాత్రమే నిలబడవచ్చు. పైగా పూర్వం వేగం పెంచితే స్థాయి కూడా పెరిగేది. ఆరు శాతం దగ్గరకల్లా పాట ఒక స్వరస్థానం పైకెక్కి, గంభీరమైన గొంతు కీచుగా మారేది. ఇప్పుడు వేగమూ శ్రుతీ వేరు కాపురాలు. సెరాటో కంపెనీ స్క్రాచ్ లైవ్ కంటే ముందు స్టూడియోల కోసం తయారుచేసింది ఆ వేరుపడే విద్యనే.

నాయకుడికి ఓటమి లేదా అంటే ఉంది, వీరులకు ఉండే పద్ధతిలోనే, ఒకటి రెండు మర్మస్థానాల్లో. 1970ల డిస్కో రికార్డు ఒకటి తగలనివ్వండి. అందులో డ్రమ్ములు వాయించింది చెమట పట్టే మనుషులు. పల్లవి దగ్గర ఉత్సాహం పుట్టి కాస్త తోస్తారు, తర్వాత కాస్త సర్దుకుంటారు. సమదూరంలో గీసిన గీతలు ఆ ఉత్సాహాన్ని పట్టలేవు. నాలుగు వరసలు తిరిగేసరికి మన వీరుడు కర్ణుడి రథచక్రంలా దిగబడిపోతాడు. గ్రిడ్‌ను కొలిచిన చోటల్లా మేకులు కొట్టుకుంటూ సరిచేయాలి, లేదా పాతకాలపువాళ్లలా వేలు పళ్లెం మీద ఆనించి వెంట నడవాలి. నిమిషానికి 87 దరువుల పాటను 174 అని రాసిపడేయడం ఇంకో దౌర్బల్యం. మన డప్పు తీన్‌మార్‌ను నేరుగా ఊరేగింపులో రికార్డు చేసి తెచ్చి ఈయన ముందు పెడితే ఆ పరాభవం చూడతగ్గది. బారాత్ మలుపు తిరిగి పెళ్లికొడుకు స్నేహితులు ముందుకొచ్చినప్పుడు డప్పు పట్టినవాళ్లు దరువు ఎందుకు పెంచుతారో ఏ గీతకు తెలుస్తుంది?

అయినా కొత్త మాయలు వస్తూనే ఉన్నాయి. 2019లో డీజర్ సంస్థ స్ప్లీటర్ అనే ప్రోగ్రాంను అందరికీ విడుదల చేసింది: పాటను గొంతు, డ్రమ్ములు, బేస్, మిగతా వాద్యాలు అని ముక్కలు చేస్తుంది. ఆ తరహా విద్య మూడేళ్లలో డీజే బల్ల మీదికి చేరింది. 2022లో సెరాటో ‘స్టెమ్స్’ అన్న పేరుతో తెచ్చింది. జరాసంధుణ్ణి చీల్చడానికి భీముడికి రోజుల తరబడి ద్వంద్వయుద్ధం కావలసి వచ్చింది, పక్కన కృష్ణుడు సైగ చేయాల్సి వచ్చింది. ఇక్కడ ఒక్క ప్యాడ్ మీద తట్టితే గొంతు ఒకవైపు, దరువు ఒకవైపు. మళ్లీ తడితే రెండూ అతుక్కుని పాట లేచి కూర్చుంటుంది. కూల్ హెర్క్ రెండు ప్రతులు కొని, పరుగులు పెట్టి వెతుక్కున్న డ్రమ్ముల ముక్క ఇవాళ ఏ పాటలోనుంచైనా ఊడి వస్తోంది. చీలిన చోట గొంతు కాస్త నీళ్లలోంచి పలికినట్టుంటే ఉండనీ, బేస్ కింద అది ఎవరికీ వినబడదు.

ఇంకొక చిన్న వస్తువును వర్ణించకపోతే పాపం: పెన్‌డ్రైవ్. రెండు కణుపుల పొడవు, వేల పాటల బరువు. దాన్ని మెడలో వేసుకుని తిరిగే డీజేలున్నారు, కవచకుండలాల్లాగే. తాగి తూలుతున్నవాడెవడో బూత్‌లోకి చెయ్యి చాపి ఆ పెన్‌డ్రైవ్‌ను పీకేశాడనుకోండి. పాత లెక్కన ప్రళయమే. కానీ కొత్త ప్లేయర్ గుక్క తిప్పుకోకుండా చివరి నాలుగు దరువులను పట్టుకుని గిరగిరా తిప్పుతూ ఉంటుంది. పాట ముందుకు పోదు, ఆగిపోదు. త్రిశంకు స్వర్గం. జనంలో చాలామంది అది డీజే వేసిన గొప్ప ఎత్తనుకుని ఈలలు కూడా వేస్తారు.

చివరిగా ఫలశ్రుతి రాయాలి. ఈ కథ విన్నవారికి ఏ ఫలమొస్తుందో చెప్పలేను గానీ, ఈ సాఫ్ట్‌వేర్ల వల్ల డీజేలకు కలిగిన మహానష్టం ఒకటి మిగిలింది. రికార్డులు మోసిన రోజుల్లో ఎవరైనా వచ్చి ఫలానా పాట వెయ్యమంటే ‘ఆ రికార్డు తేలేదండీ’ అనేవాళ్లు. పెట్టెలో ఎనభై పట్టేవి, అడిగినవాడు నమ్మేవాడు. ఇప్పుడు టైడల్, సౌండ్‌క్లౌడ్, బీట్‌పోర్ట్ అన్నీ నేరుగా సాఫ్ట్‌వేర్‌లోనే తెరుచుకుంటాయని అడిగేవాడికీ తెలుసు. జూబ్లీహిల్స్ పబ్బులో రాత్రి పదకొండున్నరకు ఒక ఫోన్ తెర డీజే ముక్కు ముందుకు వచ్చి నిలబడుతుంది. దాని మీద పాట పేరు, నిండు వెలుగుతో.

“అన్నా, గీ ఒక్క పాట ఎయ్యే అన్నా. మావోని బర్త్‌డే.”

రికార్డు లేదనడానికి లేదు. నెట్ రావట్లేదందామంటే అదే ఫోన్‌లో నాలుగు గీతల సిగ్నల్ కనబడుతోంది. దరువు కలవదందామా అంటే సింక్ మహాశయుడు పక్కనే పళ్లికిలిస్తూ వెలుగుతున్నాడు. డీజే హెడ్‌ఫోన్ ఒక చెవి మీదికి లాక్కుని, ఎంతో పని ఉన్నట్టు ఒక మర తిప్పి, గ్రాసో కాలం నుంచి చేతులు మారుతూ వచ్చిన, ఏ కంపెనీ ఇంకా బటన్‌గా మార్చలేకపోయిన అస్త్రాన్ని తీస్తాడు:

“నెక్స్ట్ గదే అన్నా.”